అవ్వ అడిగిన ఇంగ్లీషు మాటలు

ఆదోనిలో ఒక అద్దె గదిలో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పి, సాయంత్రం బస్సులో ఎమ్మిగనూరుకు తిరిగొచ్చేసరికి ఆమె మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది. మా వెనక వీధిలో మగ్గం నేసే అవ్వ. దారిలో కనిపిస్తే పలకరించుకోవడమే తప్ప మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

"నాకు ఇంగ్లీషు నేర్పు తల్లీ," అంది. నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాను.

ఆమె కూతురు పూణేలో జ్వరంతో పోయిందని వీధంతటికీ తెలుసు. అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మనవరాలు అక్కడే పెరుగుతోంది. ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో కాసేపు చూపిస్తారు. తల్లి పోయేనాటికి మాటలు రాని ఆ పిల్లకు ఇప్పుడు ఇంగ్లీషు, హిందీ తప్ప ఇంకేమీ రావు.

"నేను మాట్లాడితే అర్థం కాక ఉరికిపోతాది. నాలుగు మాటలు వస్తే ఇంగ కొంచేపు నిలబడతాదేమో."

మర్నాడు క్లాసులో చెప్పే వరసలోనే మొదలుపెట్టాను. పండ్లు, రంగులు, వారాలు. ఆమె ఓపిగ్గా విని, "ఆపిల్ పండు గురించి దాంతో ఏం మాట్లాడేది తల్లీ?" అని అడిగింది. మరి ఏం మాట్లాడాలని ఉందన్నాను.

"తిన్న్యావా? నిద్రొస్తాందా? తల ఎవురు దువ్వినారు? ఎవురన్నా కొట్టినారా?" అని వేళ్ల మీద లెక్కపెట్టింది.

అవే నేర్పాను. ఈట్, స్లీపీ, హెయిర్, హిట్. పిల్లకు పళ్లు ఊడే వయసని టూత్ కూడా. మగ్గం గుంటలో కూర్చుని కాళ్లు ఆడిస్తూ వల్లించేది. స్లీపీని ఎంత దిద్దినా ఇస్లీపీ అనే అనేది. 'బంగారూ' అనడానికి ఏమంటారని అడిగితే మాత్రం నా దగ్గర మాట లేకపోయింది.

ఆదివారాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. మొదటిసారి "యూ ఇస్లీపీ?" అనగానే పిల్ల పకపకా నవ్వి, పన్ను ఊడిన చోటు చూపించింది. "టూత్, టూత్," అంది అవ్వ. కాల్ అయిపోయాక ఫోను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

తర్వాత ఒక ఆదివారం పిల్ల తనంతట తానే ఇంగ్లీషులో అడిగింది, వాళ్ల మమ్మీ కూడా ఇలాగే మాట్లాడేదా అని. అవ్వకు మమ్మీ అన్న ఒక్క మాటే అందింది. భయంగా నావైపు చూసింది. తెలుగులో చెప్పాను.

"అవునని సెప్పు. ఇట్లే మాట్లాడతాండె, ఇట్లే నవ్వుతాండె అని సెప్పు, జల్దీ," అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను నోరు తెరిచేలోపే అటువైపు ఎవరిదో ఆడగొంతు వినిపించింది. కాల్ కట్టయింది.

సాయంత్రం అల్లుడు ఫోన్ చేశాడు. చెడ్డవాడు కాదు. "పిల్ల పొద్దున్నుంచీ ఏడుస్తాంది అత్తా. కొత్తమ్మకు ఇప్పుడిప్పుడే అలవాటయితాంది. కొన్నాళ్లు ఫోన్ చేయొద్దు," అన్నాడు. ఆ తర్వాత ఆమె ఫోన్ నుంచి ఆ నంబరు కలవలేదు. నా ఫోన్ నుంచి చేస్తే ఒకసారి ఎత్తి, నా గొంతు విని పెట్టేశాడు.

అవ్వ పాఠం మానలేదు. "ఎత్తినప్పుడు మాట రాకుంటే ఎట్ల?" అనేది. ఆమె ఎదురుగా కూర్చోవడమే నాకు కష్టమైంది. ఏ మాట నేర్పినా అది చేరే చోటు లేదు.

చివరికి తానే పూణే పోతానంది. గుమ్మం దగ్గర చెప్పడానికి ఒక వాక్యం అడిగింది. నేను మీ అమ్మకు అమ్మను. తడబడకుండా వచ్చేదాకా వల్లించి, ఆదోని స్టేషన్‌లో రైలెక్కింది. రైలు కదిలినప్పుడు కిటికీలో ఆమె పెదవులు ఆడుతూనే ఉన్నాయి.

తిరిగొచ్చిన రోజు నేరుగా మా ఇంటికే వచ్చింది. అల్లుడు లోపలికి పిలిచి అన్నం పెట్టించాడట. పిల్లను చూడగానే నేర్చుకున్నదంతా మరిచిపోయి, తెలుగులోనే ఏదేదో అంటూ చేతులు చాచిందట. పిల్ల బెదిరి వెనక్కి తగ్గిందట.

"నమస్తే ఆంటీ అనింది తల్లీ. వాళ్లు అనమంటే అనింది."

మంచినీళ్లిచ్చాను. తాగింది. "రేపు పాఠం ఉంటాదా?" అని అడిగింది. ఉంటుందన్నాను.

ఇప్పటికీ వస్తుంది. ఏం నేర్పాలో తెలియక ఆమె అడిగినవే చెబుతున్నాను. మొన్న, ఎంత పెద్దదానివైనావు అనడానికి ఏమంటారని అడిగింది.