గోడమీది కోళ్లు

భర్త బాలనర్సయ్య పోయినప్పుడు భాగ్యమ్మ ఏడవలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన పనిచేసే చీరల దుకాణంలోనే కూలబడ్డాడు. దవాఖానకు చేరేసరికే ప్రాణం పోయింది. పోచంపల్లి నుంచి వచ్చిన చుట్టాలు ఏడుస్తుంటే ఆమె అందరికీ చాయ్ పోసింది. దినాలు అయిపోయాక కూడా అదే తీరు. వండేది, తినేది, గోడకు ఆనుకుని కూర్చునేది.

చూడలేక కూతురు ప్రసన్నలక్ష్మి ఆమెను ఎల్బీనగర్‌లో తమ కాలనీవాళ్లు నడిపే తోటకు తీసుకుపోయింది. ఖాళీ జాగాలో కూరగాయల మళ్లు, ఒక మూలన జాలీ కొట్టిన కోళ్ల షెడ్డు. కోళ్లను చూసుకునే మనిషి మానేశాడట. "నేను చూస్త తియ్" అన్నది భాగ్యమ్మ. ఇష్టపడి అన్నది కాదు. ఇంట్లో కూర్చున్నా అక్కడ కూర్చున్నా ఆమెకు ఒకటే.

కోళ్లు మాత్రం ఆమెకు మరిగాయి. నూకలు చల్లితే కాళ్ల చుట్టూ చేరేవి. బోసిమెడ కోడి ఒకటి కొంగు పట్టి లాగేది.

చలికాలంలో ఇంద్రాణి అనే డ్రాయింగ్ టీచర్ వచ్చింది. ఇంటికొకరు ఒక్కో కోడిని ఎంచుకుని తోట ప్రహరీ మీద దాని బొమ్మ వేయాలన్నది ఆమె ఆలోచన. ఆదివారాలు జనం స్టూళ్లు వేసుకుని కోళ్ల ముందు కూర్చునేవారు. విజయవాడ నుంచి వచ్చి స్థిరపడిన గంగాధరరావు, తన కోడి కుదురుగా ఉండట్లేదని భాగ్యమ్మను పిలిచేవాడు. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

గోడ సగం నిండేసరికి కోళ్లు చావడం మొదలైంది. అంటురోగమని తేలింది. మిగిలినవాటినీ చంపాల్సిందేనని పశువుల డాక్టరు చెప్పాడు. ఒళ్లంతా కప్పుకుని వచ్చిన మనుషులను చూసి కోళ్లు బెదిరి చెల్లాచెదురయ్యాయి. ఎవరికీ దొరకలేదు. భాగ్యమ్మ తనకూ మాస్కు, గ్లవ్స్ అడిగి తీసుకుని లోపలికి పోయింది. నూకల గిన్నె చప్పుడు చేసింది. వచ్చినదాన్ని వచ్చినట్టు ఎత్తి వాళ్లకు అందించింది. బోసిమెడది ఆఖరున వచ్చింది. దాన్నీ అందించింది.

బయటికొచ్చాక కూతురు ఆమె పక్కన కూర్చుంది. "ఏడ్వరాదే అమ్మా. జర బరువు దిగుతది."

"వస్తలేదు బిడ్డా. మీ నాయిన పోయిన్నాడు గూడ రాలే."

ఇంద్రాణి ఇక బొమ్మలు వద్దనుకుంది. గంగాధరరావు కూడా, "లేని కోళ్లను ఎలా వేస్తామండీ, ఆపేద్దాం" అన్నాడు.

"సగం గోడ ఇడిసిపెడ్తే ఎట్ల సారూ? ఎట్లొస్తె అట్లెయ్యుండ్రి" అన్నది భాగ్యమ్మ. తానూ కుంచె తీసుకుని బోసిమెడ కోడిని వేసింది. మెడ కట్టెపుల్లలా వచ్చింది. దిద్దలేదు. గోడ పూర్తయిన రోజు అందరూ ఫోటోలు దిగారు. మీ కోడి బాగుందని ఎవరో అంటే "ఆ" అని, చీపురు తీసుకుని కూరగాయల మళ్ల వైపు పోయింది.

వానలు మొదలయ్యాక, షెడ్డు కడిగి సున్నం కొట్టించి కొత్త కోడిపిల్లలను తెచ్చారు. తల్లి ఇక వాటి జోలికి రాదేమోనని ప్రసన్నలక్ష్మి భయపడింది. భాగ్యమ్మ వచ్చింది. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ముడుచుకుని ఉన్నాయి. వెచ్చదనానికి వేలాడదీసిన బల్బు వైరు జర కిందికి దించమని కూతురికి చెప్పింది. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. సంతోషం లాంటిదేమీ కలగలేదు. వెచ్చదనం మాత్రం చేతికి తెలిసింది.

"మీ నాయినకు గూడ సలి ఆగకపోతుండె" అన్నది.

ప్రసన్నలక్ష్మి బల్బు ఇంకాస్త కిందికి దించింది.