అమ్మ సవతికి పెట్టిన నెయ్యి

మొన్న పుంగనూరు నుంచి చౌడేపల్లెకు పోతుంటే, దారిలో ఒక పాల ఫ్యాక్టరీ వెనక పెద్ద తొట్టి పక్కన గొట్టం మీద నీలంగా మంట వెలుగుతోంది. డబ్బాలు కడిగిన జిడ్డునీళ్లలోంచి గ్యాసు తీస్తారని పక్క సీటాయన నాకు వివరంగా చెప్పుకొచ్చాడు. నాకు తెలియకనా నాయనా, ఆ మంట కోసం మా ఇల్లు ఎంత ఏడ్చిందో నీకేం తెలుసు అనుకుని కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

తొంభైలలో మా నాయన చౌడేపల్లెలో వెన్న కొని, నెయ్యి కాచి మదనపల్లె అంగళ్లకు వేసేవాడు. బానలు కడిగిన నీళ్లు వీధిలో నిలిచి కంపు కొడితే ఇరుగుపొరుగు తగువుకొచ్చేవాళ్లు, లోపల కట్టెలపొయ్యి పొగకు అమ్మ ఆగకుండా దగ్గేది. పేడనీళ్లలో ఆ జిడ్డు కాస్త కలిపితే కంటికి కనపడని పురుగులు దాన్ని అరిగించి గ్యాసు చేస్తాయని, అయితే రోజుకు ఒక చెంబుకు మించి పోయరాదని గోబర్ గ్యాసు ఆఫీసరు చెప్పగానే నాయన పెరట్లో తొట్టి కట్టించాడు. మొదటిసారి పొయ్యి వెలిగిన రోజు అమ్మ గిన్నె పెట్టడం మరిచి మంటనే చూస్తూ కూర్చుంది. దగ్గు కూడా చాలా నెమ్మదించింది. నాయన కాఫీ అయినా తాగకుండా ముందు తొట్టి దగ్గరికి పోతాడని అమ్మ దాన్ని సవతి అనేది. "నీ చిన్న పెండ్లానికి పెట్టినావా సామీ? ఇంగ రా, నువ్వు తాగుదువు" అని నవ్వేది.

ఒక వానాకాలం అమ్మకు ఊపిరాడక మదనపల్లె ఆసుపత్రిలో చేర్చాం. ఇంకో వారంలో ఇంటికి పంపుతానంటూ డాక్టరు, పొగ తగిలిందంటే మనిషి దక్కదన్నాడు. అమ్మ వచ్చేసరికి గ్యాసుకు కొదవ ఉండకూడదనుకున్నాడు నాయన. మన ఈడు వాళ్లకు తెలుసు, ఇంటికొచ్చినవాళ్లు వద్దని చెయ్యి అడ్డుపెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి వేసే సీమ మనది. తొట్టికీ ఆయన అలాగే వడ్డించాడు. పండగకు కాచిన నెయ్యి మడ్డి, జిడ్డు అంతా ఒక్కసారే పోశాడు. ఆఫీసరు వద్దన్నాడు కదా అని నేనంటే, "తిననీలేమ్మా, మీయమ్మ వస్తాండాది గదా" అన్నాడు.

జిడ్డు ముందు పులుస్తుందట, ఆ పులుపును గ్యాసు చేసే పురుగులు వేరేనట, అవి నిదానమట. ఆ పులుపుకు అవి చచ్చి తొట్టి చల్లబడిపోయింది. అమ్మ వచ్చిన రోజే పొయ్యి బుస్సుమని ఆరిపోయింది. పెరట్లో దూరంగా కట్టెలు వెలిగించినా చలిగాలి పొగను ఇంట్లోకే తోసింది. నాయన తల బాదుకుంటే అమ్మ దగ్గుతూనే, "పాపం, దానికి అజీర్తి చేసిండాది సామీ, నిన్ను నువ్వు యాల తిట్టుకుంటావు?" అంది. ఆ చలికాలం అమ్మ దాటలేదు.

పొయ్యి ఆరిన నాటి నుంచే నాయన పంతం పట్టి, నిమ్మనపల్లెలో మామ వాళ్ల తొట్టి నుంచి ఆ పురుగులు బతికున్న పేడనీళ్లు బస్సులో క్యాన్లతో తెచ్చి పోస్తూనే ఉన్నాడు. అమ్మ కర్మలయ్యాక ఒక పొద్దున పొయ్యి వెలిగింది. నాయన అమ్మ కూర్చునే చోటే కూర్చుని, "ఇప్పుడు యాల వచ్చినావే?" అని ఆ మంటను అడిగి, పసిబిడ్డలా ఏడ్చాడు.

ఆ తర్వాత ఆయన ఎవరికీ నెయ్యి ధారగా వేయలేదు, చెంచాతో కొంచెం వేసి వాళ్ల ముఖం చూసేవాడు. ఇప్పుడు పెళ్లిళ్లలోనూ చెంచాతోనే వేస్తున్నారు, ఎవరూ తప్పు పట్టడం లేదు. మా నాయనకు ఆ చెంచా చేతికి రావడానికి మాత్రం అమ్మ పోవాల్సి వచ్చింది.