ఖండితమైన జీవి

మా సైన్స్ టీచర్ పోయారు. కబురు నా మనవరాలి ఫోన్‌కు వచ్చింది. నేను అప్పుడు పప్పు తాలింపు పెడుతున్నాను. పొయ్యి ఆపడం మరిచి కూర్చుండిపోయాను. తాలింపు మాడిందని ఇంట్లో ఎవరూ అనలేదు. ఆ మాత్రం సంస్కారం వీళ్ళకు నేర్పాను.

అరవైల చివర సంగారెడ్డి ఆడపిల్లల బడిలో ఆమె మాకు జీవశాస్త్రం చెప్పేవారు. సుద్దముక్కను రెండుగా విరిచి చిన్నదానితోనే రాసేవారు, పెద్దది రేపటికట. ఒకసారి పరీక్షలో 'వానపాము దేహం ఖండితమై ఉంటుంది, వివరించుము' అని ఇచ్చారు. ఆ పాఠం చెప్పిన నాడు నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. మా ఇంట్లో ఖండితం అంటే ఒకటే అర్థం, బాపు మాట. దాని మీద అప్పీలు ఉండదు. అందుకని 'వానపాము చాలా ఖండితమైన జీవి, ఎవరి మాటా వినదు' అని రాశాను.

టీచర్ దాన్ని తరగతిలో పైకి చదివారు. నవ్వలేదు.

"వినదు, నిజమే. చెవులుంటే గద బిడ్డా వినేటందుకు?"

ఇక్కడ ఖండితం అంటే మొండిపట్టు కాదని, తెగిపోయిన ముక్కా కాదని, ఒకే ఒళ్ళు వరుసగా భాగాలు భాగాలుగా ఉండడమని అప్పుడు చెప్పారు. వచ్చే వారం వానపామును కోసి చూపిస్తానన్నారు.

మాది గింజల వ్యాపారం, మాంసం పేరెత్తని ఇల్లు. నాయనమ్మ చెవిన ఈ మాట పడింది.

"బడిల పురుగులు కోసుడు నేర్పుతున్నరా? ఇగ చాలు, ఇంట్ల కూసోనీ."

బాపు ఖండితంగా తలూపాడు. నా చదువు అక్కడితో అయిపోయింది.

నాలుగు రోజులు చూసి టీచరే ఇంటికి వచ్చారు. నాయనమ్మ మంచం మీంచి లేవలేదు. నడుం నొప్పి ఒకటి, కోపం ఒకటి.

"కోసిన చేతులతోనే వచ్చినవా?"

"కడుక్కొనే వచ్చినమ్మా. కోసేది నేను. బిడ్డ బొమ్మ గీస్తది, అంతే."

"పురుగు ముచ్చట మా పిల్లకెందుకు?"

"పురుగుదే కాదు, మనది గూడ గట్లనే ఉంటది. జెర అటు తిరుగుండ్రి."

మంచం అంచున కూర్చుని, నాయనమ్మ మెడ కింద మొదలుపెట్టి వెన్ను పొడవునా బొటనవేలితో నొక్కుతూ దిగారు. "ఇదొక ముక్క. దీని కింద ఇంకొకటి. అన్నీ విడివిడిగా ఉన్నయ్ గనుకనే వంగుతున్నరు. ఒక్కటే కట్టె అయితే ఎట్ల వంగుదురు?"

నాయనమ్మ వీపు ఇంకాస్త ఇటు జరిపింది. తర్వాత, "జెర కిందికి," అంది. "ఆఁ, గక్కడనే."

చివరికి గోడవైపే మొహం పెట్టుకుని, బాపుతో అంది: "పోనీరా పిల్లను. గీ చదువుతోని నడుముకైనా సుఖమైతది."

మరునాడు బడికి పోయాను. తర్వాత కాలేజీకి, ఆ తర్వాత నేనే పాఠాలు చెప్పేదాకా. టీచర్ నన్ను ఇంటి నుంచి తెంపుకుపోలేదు. బడికి పంపించేలా చేశారు, అంతే.

పోయిన నెల టీచర్‌ను చూడడానికి బీరంగూడలో ఆమె కూతురింటికి వెళ్ళాను. మనవరాలు వెంట వచ్చింది. ఆ పిల్ల బొల్లారంలో ఒక మందుల కంపెనీ కంప్యూటర్ల నెట్‌వర్క్ చూసుకుంటుంది. దాన్ని సెగ్మెంట్లుగా, అంటే ముక్కలుగా విడదీస్తామని, ఒకదాంట్లో వైరస్ పడితే తక్కినవాటికి అంత తేలిగ్గా పాకదని చెప్పింది. టీచర్ కళ్ళు మూసుకుని విన్నారు.

"మరి ముక్కకు ముక్కకు నడుమ మాటెట్ల పోతది?"

"రూటర్ ఉంటది అమ్మమ్మా. ఏది పోవాల్నో, ఏది పోవద్దో అక్కడ చూస్తది."

"వానపాముకు గూడ కింది నుంచి ఒక నరం పోతది బిడ్డా. విడదీసుడు ఎవరికైనా వస్తది. నరం తెగకుంట విడదీయాలె."

మేము లేవబోతుంటే టీచర్ నా వైపు వీపు తిప్పారు. "పాఠం యాదికున్నదా?"

వెన్నుపూసలన్నీ జాకెట్టు మీదికే తేలి ఉన్నాయి. మెడ కింద మొదలుపెట్టి బొటనవేలితో మెల్లగా దిగాను. మధ్యలో ఒకచోట ఎముక కుంగి ఉంది. నా వేలు ఆగిపోయింది.

"ఆగినవేంది? కింద ఇంక ఉన్నది, పో," అన్నారు.