లిఫ్టర్‌కి టీ పట్టుకెళ్లిన సాయంత్రం

గురువారం సాయంత్రం ఐదూ ఇరవైకి మెస్ తలుపుకి అట్టముక్క తగిలించారు. మర్నాటి వాలీబాల్ మ్యాచ్‌లో ఆడబోయే ఆరుగురి ఊళ్ల పేర్లు దాని మీద ఉన్నాయి. మూడోది మా ఊరు. అంటే మా అన్నయ్య.

అది రెండువేల అయిదు చలికాలం. గల్ఫ్‌లో, ఐకాడ్ అనే పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీ క్యాంపులో ఉండేవాళ్లం. అన్నయ్య వెల్డర్. నేను స్టోర్‌లో సామాన్ల లెక్క చూసేవాణ్ణి. అన్నయ్య జట్టుకి లిఫ్టర్. రెండో బంతిని వేళ్లతో పైకెత్తి, కొట్టేవాడికి అందించే పని అతనిది. అతని చెయ్యి బాగుంటే జట్టు బాగున్నట్టే. ఆ నెలంతా బాగాలేదు.

ఆడని మేమంతా ప్రతి గురువారం ఆ అట్టముక్క ముందు పోట్లాడుకునేవాళ్లం. దానికి ఒక పద్ధతి ఉండేది. ఎవరినైనా తీసేయాలని అన్నవాడు, రాత్రి భోజనాల గంట కొట్టేలోపు, ఒక గ్లాసు టీ పట్టుకుని అతని గదికి వెళ్లి ఆ మాట ఎదురుగా చెప్పాలి. టీ వెళ్లకపోతే పేరు మారదు. అందుకని అరుపులు ఎన్ని వినిపించినా పేర్లు మారిన వారాలు తక్కువ.

ఆ రోజు వంటాయన మొదలుపెట్టాడు. ఆయనది కడప.

"పోయిన శుక్రారం మూడు బంతులు వలకే తగిలిచ్చినాడు గదప్పా. ఇంకా ఆయప్పేనా? నెల్లూరు ఫిట్టరున్నాడు, ఎత్తు బాగుండాడు, ఆడనీండి."

"నువ్వు పప్పుల ఉప్పు సంగతి చూస్కోవే," అన్నాడు కరీంనగర్ నుంచి వచ్చిన క్రేన్ ఆపరేటర్. "మూడేండ్ల సంది గెలిపిచ్చినోడు ఆయన. ఒక్క నెల ఆడకుంటే ఖలాసా?"

"గెలిపిచ్చినాడు, కాదన్లే. ఇప్పుడు ఆయన ఎత్తిన బంతి కొట్టాలంటే నీ క్రేన్ ఎక్కాల."

అందరూ నవ్వారు. క్రేన్ ఆపరేటర్ కూడా నవ్వి, టీ డ్రమ్ము వైపు చెయ్యి చూపించాడు.

"గంత ధైర్యముంటే గ్లాసు నింపుకో. యల్లా, నడువు."

వంటాయన తన గరిటె వైపు చూసుకున్నాడు. "పొయ్యి మీద కూరుందప్పా," అన్నాడు.

నేను ఆ వాదనల్లో ఎప్పుడూ మాట్లాడలేదు. అన్నయ్య గురించి తమ్ముడు ఏం చెప్పినా పక్షపాతంలాగే ఉంటుంది. కానీ వాళ్లెవరూ చూడనిది నేను చూశాను. పది రోజులుగా అన్నయ్య అన్నం చెంచాతో తింటున్నాడు. అడిగితే చెయ్యి కడుక్కోవడానికి బద్ధకమన్నాడు. అన్నం చేత్తో కలపకుండా అతను తిన్నది నా ఎరుకలో లేదు.

నేను వెళ్లి గ్లాసు నింపాను. మెస్ నుంచి మా గదికి నలభై అడుగులు ఉంటాయేమో. క్యాంపులో అన్నయ్యకి అంటూ ఉన్నది ఆ ఆట ఒక్కటే. దాన్ని నేనే తీసేసుకోబోతున్నాను అనుకుంటూ నడిచాను. టీ కొంత చేతి మీద ఒలికింది.

గది తలుపు తెరిచే ఉంది. అన్నయ్య మంచం మీద కూర్చుని గ్లాసు వైపు, తర్వాత నా మొహం వైపు చూశాడు.

"నువ్వా తెచ్చింది?"

"రేపు నువ్వు ఆడొద్దన్నయ్యా. బాగా ఆడట్లేదు."

ఎడం చేత్తో గ్లాసు అందుకున్నాడు.

"నాలుగు వారాల్నించి తలుపు తీసుకుని కూచుంటున్నాన్రా. మీ అందరికీ నోరే గానీ కాళ్లు లేవు."

కుడి చెయ్యి చూపించాడు. మధ్యవేలు, ఉంగరం వేలు వాచి ఉన్నాయి. సగం కూడా వంగడం లేదు.

"మరి నువ్వే మానేయొచ్చు కదా?"

"మానేస్తే ఎందుకు మానేశావంటారు. మేనేజరు, ఆ ముదీర్, ప్రతి మ్యాచీ చూస్తాడు. వేళ్లు వంగట్లేదని తెలిస్తే ముందు క్లినిక్కి, తర్వాత ఇంటికి టికెట్. మీరు తీసేస్తే ఎవడూ ఏమీ అడగడు. ఆడ్డం రాక తీసేశారనుకుంటారు. అనుకోనీ."

నేను అతని పక్కన కూర్చున్నాను. అన్నయ్య టీ సగం తాగి, మిగతాది నాకిచ్చాడు.

"పంచదార లేదేంట్రా? తీసేసేవాడికి ఆ మాత్రం మర్యాద ఉండక్కర్లా?"

మర్నాడు నెల్లూరు ఫిట్టర్ ఆడాడు. మేము ఓడిపోయాం. అన్నయ్య గీత అవతల నిలబడి అతని మీద కేకలేస్తూనే ఉన్నాడు. వంటాయన రెండు రోజులు అన్నయ్య కళ్లలోకి చూడలేక, అడగకుండానే అతనికి రెండు గుడ్లు వేశాడు. ఆట లేకపోవడంతో ఫిబ్రవరికి వాపు తగ్గింది. ఒక మధ్యాహ్నం అన్నయ్య చెంచా పక్కన పెట్టి, పప్పూ అన్నం చేత్తో కలుపుకున్నాడు. నేను చూడనట్టే తిన్నాను. ఆ వేళ్లతోనే అతను ఆ కంపెనీలో మరో ఏడేళ్లు వెల్డింగ్ చేశాడు.

అన్నయ్య పోయి మూడేళ్లయింది. అతనికి చెప్పకుండా మిగిలిపోయిన మాటలు నా దగ్గర కొన్ని ఉన్నాయి. ఆ సాయంత్రం మాట వాటిలో లేదు.

ఆ క్యాంపులో వాలీబాల్ ఇంకా ఆడుతున్నారు. ఆడేవాళ్ల పేర్లు ఇప్పుడు ఫోన్లకి వస్తాయట. పేరు పోయినవాడి గదికి ఎవరూ టీ పట్టుకెళ్లడం లేదు.