మూకుడు తుడవడం తిండి కాదనుకున్నాను

సూదిలోకి దారం ఎక్కని రోజున నాకు మొదటి అనుమానం వచ్చింది. నరసరావుపేటలో మా ఇంటి ముందుగదిలో నేను జాకెట్లు కుడతాను. పెళ్లయిన దగ్గర్నుంచీ అదే పని. ఆ రోజు దారాన్ని ఎన్నిసార్లు తడిపినా సూది పక్కనుంచే పోతోంది. నాసిరకం దారం అంటగట్టాడని షాపువాణ్ణి తిట్టాను. తీరా నల్ల జాకెట్టుకు నీలం దారం వేసి కుట్టేశానని మా కోడలు రేష్మా చూపించేసరికి, తేడా దారంలో కాదు, నా కళ్లలో ఉందని అర్థమైంది.

కంటి ఆసుపత్రిలో కాటరాక్ట్ అన్నారు. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందట. కానీ రక్తపరీక్షలో షుగర్ బాగా ఎక్కువగా ఉంది. "ముందు షుగర్ కంట్రోల్ కావాలమ్మా. ఇంత షుగర్‌తో సర్జరీ చేస్తే ఇన్ఫెక్షన్ భయం" అని డాక్టరమ్మ వెనక్కి పంపేసింది. చూపు పోతే మిషన్ ఎక్కేదెలా? నాకు ఇంకో పని రాదు.

షుగర్ డాక్టరు నా తిండి గురించి అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం చిన్న గిన్నెడు అన్నం, రాత్రి జొన్నరొట్టె. స్వీట్ల జోలికే పోను. ఆయన ట్యాబ్లెట్లు రాశారు. షుగర్ తగ్గలేదు. డోసు పెంచారు. అప్పుడూ తగ్గలేదు.

"నిజం చెప్పండమ్మా, ఏమన్నా దాచుకుని తింటున్నారా?"

నాకు ఒళ్లు మండింది. "దాచుకు తినాల్సిన ఖర్మ నాకేంది సార్? మీ ల్యాబ్‌లోనే ఏదో తేడా ఉంది" అన్నాను. ఇంకో ల్యాబ్‌కు వెళ్లాను. అక్కడా అదే రిపోర్టు. ఇంటికొచ్చి ఏడ్చాను. గాలి పీల్చినా షుగర్ పెరుగుతుందా? "ఏందే ఆ ఏడుపు? అల్లా మీద భారమెయ్యి" అన్నాడు మా ఆయన. ఆయన మీదా కోపమే వచ్చింది.

అలా ఉండగా ఓ రోజు జాకెట్టు ఇస్త్రీ చేస్తూ, సరిగా కనపడక, కాలే పెట్టె మీదే కుడి అరచెయ్యి ఆనించాను. కట్టు కట్టారు. షుగర్ ఉంది కాబట్టి పుండు త్వరగా మానదన్నారు. వంట రేష్మా చూసుకుంది. వేళకు కూర్చోబెట్టి, అదే చిన్న గిన్నెడు అన్నం నాకు తినిపించేది.

కట్టు విప్పేముందు పరీక్ష చేస్తే షుగర్ దిగింది!

"పుండుంటే పెరగాలి కదా. ఏం మార్చారు?" అన్నారు డాక్టరు.

"ఏం మార్చలేదు సార్. చెయ్యి కాలింది, అంతే."



కట్టు తీశాక నేనే దొండకాయ వేపుడు చేశాను. అందరం తిన్నాం. వంటింట్లో సర్దుతుంటే వెనకనుంచి రేష్మా, "అత్తమ్మా, ఇప్పుడేగా తిన్నారు?" అంది.

"నేనెక్కడ తింటున్నానే? మూకుడు తుడుస్తున్నా."

"అన్నంతోనా?"

చూసుకుంటే నా చేతిలో ముద్ద ఉంది. అడుగున మిగిలిన కారం, నూనె పోనివ్వకుండా మూకుట్లో అన్నం వేసి కలిపాను. నిలబడే సగం తినేశాను. మా అమ్మ అలాగే చేసేది, అత్తగారూ అంతే. గోంగూర పచ్చడి నూరితే ఆ రోట్లోనే ముద్ద కలపాల్సిందే. లేకపోతే ఇంట్లో బరకత్ పోతుంది, ఉన్నది నిలవదు అనేవాళ్లు. కంచంలో పెట్టుకోనిదాన్ని నేనెప్పుడూ తిండి అనుకోలేదు. ఒట్టేసి చెబుతున్నాను, డాక్టరుకు అబద్ధం చెప్పలేదు.

మర్నాటి నుంచి రేష్మా కూర దించగానే గిన్నెలోకి తీసి, మూకుట్లో నీళ్లు పోసేయడం మొదలుపెట్టింది. ఆ నీళ్లు చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. "ఏమే, తిండి పారబోస్తావా?" అని గయ్యిమన్నాను.

"నూనె పోతే కొనుక్కోవచ్చు. మీ కళ్లు పోతే యాడ తెచ్చేది?" అంది.

 అన్నం మిగలకుండా బియ్యం కూడా కొలిచి వండేది. నోట్లోకి పోయేది ఏదైనా కంచంలో వేసుకుని, కూర్చునే తినాలని రూలు పెట్టింది. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత షుగర్ మళ్లీ పెరిగింది. ఈసారి మూకుడు కాదు, మనవరాలు వదిలేసిన కంచం. పారేయలేక, కంచం తీస్తూ తీస్తూ నోట్లో వేసుకుంటున్నానట, రేష్మా చూసి చెప్పింది. నాకైతే గుర్తే లేదు. నా నోరు నాదేనా అని భయమేసింది. ఇప్పుడు పాపకు ముందు కొంచెమే పెడుతున్నాం, అడిగితే మళ్లీ వేస్తున్నాం.

చివరికి షుగర్ దారికొచ్చి, ఒక కంటికి ఆపరేషన్ అయింది. మళ్లీ మిషన్ ఎక్కాను. ట్యాబ్లెట్లు మానలేదు. రెండో కంటికి ఇంకా చేయించుకోవాలి. నా చెయ్యి గిన్నెలోకి ఎప్పుడు పోతుందో ఇప్పటికీ తెలియదు. ఎందుకు పోతుందో అంతకన్నా తెలియదు. ఆకలా అంటే, కాదు.

నాలాంటివాళ్లకు ఒకటే చెబుతాను. డాక్టరు గదిలోకి ఒక్కరే వెళ్లకండి. మీరు తింటుండగా చూసే మనిషిని వెంట తీసుకెళ్లండి. నేనిప్పుడు రేష్మాను తీసుకెళ్తున్నాను. నా తిండి సంగతి అదే చెబుతుంది. నేను పక్కన కూర్చుని, 'ఓయమ్మో, ఇంత తిన్నానా' అనుకుంటూ, డాక్టరుతోపాటు వింటాను.