ఎనిమిది మాటల గుడ్డ

మా మామకు మిగిలినవాటి జాబితా నా పాత నోటుపుస్తకంలో ఉంది. వినికిడి, రెండు చెవులూ. తెలివి, పూర్తిగా. చూపు, వెలుతురు తెలిసేంత. ఎడమ చెయ్యి, మోచేతి నుంచి కిందికి. అందులో చూపుడువేలు, మధ్యవేలు మాట వింటాయి, తక్కినవి వణుకుతాయి. పోయినవాటి జాబితా నేను రాయలేదు. అది మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. జమ్మలమడుగు దగ్గర ఊళ్లో గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. ఒకరోజు నేసిన చీరలు పులివెందులలో ఒక అంగడికి ఇచ్చి, తిరిగి వస్తూ జీపెక్కాడు. ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఎదురుగా ఒక పార్టీ నాయకుడి బండి వస్తోంది. దాని మీద వేసిన బాంబుల్లో ఒకటి గురి తప్పి జీపు పక్కన పడింది. నాయకుడి బండిలో ఇద్దరు చనిపోయారు. మామ దవడ, గొంతు చితికిపోయాయి. తలలో దూరిన ఇనుప ముక్క వల్ల కుడి పక్క పడిపోయింది, చూపు దాదాపు పోయింది.

బాంబు పడడానికి ముందు మామ అన్న మాట ఒకటి డ్రైవరు విన్నాడు. "వీడేంది, ఇంత ఎండలో ఈడ నిలబడినాడు" అన్నాడట. డ్రైవరు రోడ్డు చూస్తున్నాడు కాబట్టి అక్కడ నిలబడింది ఎవరో చూడలేదు. అంటే మామ ఒక మనిషిని గుర్తుపట్టాడు. ఆ మనిషి ఎవరో మామకు మాత్రమే తెలుసు.

కేసులో తక్కిన సాక్షులంతా చనిపోయినవాళ్ల పార్టీ వాళ్లు. వాళ్లు ఏం చెప్పినా పగతో చెబుతున్నారని అవతలి వకీలు కొట్టిపారేస్తాడు. ఏ పార్టీలోనూ లేని సాక్షి మామ ఒక్కడే. మామ చెబితే నిలుస్తుంది. ఈ సంగతి మాకన్నా ముందు ఊరికి అర్థమైంది. మామ మాట పోయిందని తెలిశాక, ఆ పేరు ఇక బయటికి రాదని ఊరు కాస్త కుదుటపడింది.

ఇంట్లో మామతో మాట్లాడే పద్ధతి ఒకటి ఉండేది. చెయ్యి పట్టుకుని అడగాలి. ఒకసారి నొక్కితే ఔను, రెండుసార్లు నొక్కితే కాదు. కానీ వణుకు వల్ల ఒకటి ఎక్కడ అయిపోయిందో, రెండు ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. పైగా ఆ నొక్కు పట్టుకున్నవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. మేం ఏది చెబితే అది మామ మాట అయ్యేది. పోలీసులు ఒకసారి వచ్చి చూసి, ఇది సాక్ష్యంగా పనికిరాదని వెళ్లిపోయారు.

నేను అప్పుడు ప్రొద్దుటూరులో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను, చివరి సంవత్సరం. కరెంటు పారే దారాలను బట్టలో కలిపి నేసి, వేలు తగిలితే తెలిసేలా చేయొచ్చని కాలేజీ లైబ్రరీలో ఒక పత్రికలో చదివాను. ఇప్పుడు నా ఉద్యోగమే ఆ పని. అప్పటికి నాకు తెలిసింది ఆ ఒక్క పేజీ. మామూలు మీటలు మామకు పనికిరావు, వాటిని నొక్కే బలం వేళ్లకు లేదు. గుడ్డయితే వేలు ఆనిస్తే చాలు. అదీగాక, ఆ వేళ్లకు గుడ్డ కన్నా బాగా తెలిసింది ఏదీ లేదు.

దారమే కష్టమైంది. అంగళ్లలో దొరికే జరీ ప్లాస్టిక్ పొర మీద మెరుపు పూసినది, దాంట్లో కరెంటు పోదు. పాత పట్టుచీరల జరీ వేరు, పట్టుపోగు చుట్టూ వెండి తీగ చుట్టి ఉంటుంది. ప్రొద్దుటూరు బంగారు బజారు వెనక సందులో అలాంటి పాత చీరలు కొని, కాల్చి, వెండి తీసే అంగడి ఒకటి ఉంది. నేను కరెంటు కొలిచే మల్టీమీటరు తీసుకుని వెళ్లి, చీరల కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్క అంచుకూ రెండు సూదులు ఆనించి చూడడం మొదలుపెట్టాను. అంగడాయన కాసేపు చూశాడు.

"ఏందప్పా, చీరకు బీపీ చూస్తాండావా?"

"కరెంటు పోతాదో లేదో చూస్తాండా మామా."

"చీరలో కరెంటు పోతే కట్టుకున్నోళ్లు ఏం కావల్లప్పా?" అని తనే నవ్వాడు. ఎవరి కోసమో చెప్పాను. ఆయన నవ్వు ఆపి లేచి, లోపలి గోతంలో వెతికి, అంచు ఒక్కటే మిగిలిన చీరపేలిక తెచ్చి నా ముందు వేశాడు.

"కుప్పలో యాడ వెతుకుతావు. ఇది పో, నిజమైన వెండి. రేపు పొయ్యిలో పడాల్సింది. ఆయప్పకు మాట రానీ."

సూదులు ఆనించగానే మీటరు ముల్లు చివరిదాకా వెళ్లింది.

నేసింది మా అత్త. మామ పడిపోయినప్పటి నుంచి మగ్గం గుంటలో ఆమే కూర్చుంటోంది. గీతలు గీసిన కాగితం ఇచ్చి చెప్పాను. గుడ్డ మీద ఎనిమిది గళ్లు. ప్రతి గడిలోకీ ఒక సొంత జరీ గీత వస్తుంది, అన్నింటి పక్కనా ఉమ్మడి గీత ఒకటి పోతుంది. వేలు ఆ రెంటినీ ఒకేసారి తాకితే, గుడ్డకు తీగలతో తగిలించిన చిన్న పెట్టెలో ఆ గడి మాట పలుకుతుంది. ఒక గడి గీత ఇంకో గడి గీతకు తగలకూడదు. అందుకని ప్రతి గీతనూ అంచు దగ్గర కోసెయ్యాలి.

అత్తకు అది నచ్చలేదు. చీరలో పేక, అంటే అడ్డపోగు, ఎక్కడా తెగదు. అంచుదాకా పోయి, తిరిగి వెనక్కి వస్తుంది, చీర అయ్యేదాకా అంతే.

"అంచు కాడ కోసిన గుడ్డ ఒక గుడ్డేనా నాయనా? ఎవురన్నా చూస్తే నాకు నేత రాదనుకోరూ?"

"ఇది కట్టుకునేది కాదు గదత్తా."

"అయినా సరే. నేసేది నేను గదా." అని సణుగుతూనే కోసింది.

గళ్లను వేలితో గుర్తుపట్టడానికి ఏం చేయాలో నాకు తోచలేదు. అత్త ఒక్కో గడిని ఒక్కో రకంగా నేసింది. నీళ్ల గడి నున్నగా, నొప్పి గడి గరుకుగా. తిప్పు, దుప్పటి, బయటికి, బిడ్డ అనే నాలుగూ చుక్కలతో, ఒకటి నుంచి నాలుగు వరకు. ఏడోది ఔను, నిలువు గీతలు. ఎనిమిదోది కాదు, అడ్డగీతలు. మాటలు మగగొంతులో ఉండాలని అత్త అంటే, అన్నీ నేనే చెప్పి పెట్టెలోకి ఎక్కించాను.

మామ పొట్ట మీద గుడ్డ పరిచి చెయ్యి పెట్టాం. చూపుడువేలు గడిగడికీ తిరిగింది, నేతను చదువుతున్నట్టుగా, తొందర లేకుండా. తర్వాత నున్నటి గడి మీద ఆగింది. పెట్టె "నీళ్లు" అంది. అత్త పరుగున తెచ్చింది. తాగాక మళ్లీ "నీళ్లు". మళ్లీ తెచ్చింది. మూడోసారి "నీళ్లు" అన్నాక మామ కూతురు ముందుగా కనిపెట్టి నవ్వింది. "నీకు పని చెప్తాండాడమ్మా, దప్పిక కాదు." తర్వాత ఆ అమ్మాయే నాన్న పక్కన కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. నేను కాలేజీ మానల్లనా నాయనా? కాదు. రేడియో పెట్టల్లనా? ఔను. అమ్మ పప్పులో ఉప్పెక్కువ ఏస్తాందా? మామ వేలు తడుముకోకుండా నిలువు గీతల మీదికి పోయింది. ఔను.

"చూడు చూడు, మాట వచ్చీ రాకముందే వంక పెడతాండాడు" అంది అత్త. ఆమె అంతగా నవ్వడం ఏడాదిగా ఎవరం చూడలేదు.

ఈ సంగతి ఊళ్లో తెలిసింది, ఊరి నుంచి పోలీసులకు తెలిసింది. వచ్చే వారం ఒక అధికారి, వకీలు వచ్చి వాంగ్మూలం తీసుకుంటారని కబురు వచ్చింది. పెట్టెలోంచి వచ్చే మాట గదిలో ఉన్న అందరికీ వినపడుతుంది కాబట్టి ఇది పనికొస్తుందన్నారు. నేను సంతోషించాను. నేను చేసిన వస్తువును ఎవరో పనికొస్తుందనడం అదే మొదటిసారి.

రెండు రోజులకు ఇంకొకాయన వచ్చాడు. ఊళ్లో పెద్ద రైతు. మామకు చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. ఊరు ఏ పార్టీకి ఓటేయాలో చెప్పేది వాళ్ల ఇంటివాళ్లే. పొద్దున పదింటప్పుడు, చెప్పులు బయట విడిచి, అరటిపండ్లు పట్టుకుని వచ్చాడు.

"మాట్లాడే గుడ్డంట గదా వదినా. ఊరంతా అదే చెప్పుకుంటాండారు. మేం చూడగూడదా?"

"ఏముందప్పా దాంట్లో. నీళ్లు కావల్లంటే నీళ్లంటాడు, అంతే."

ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాడు. "అన్నా, నేనెవురో తెలిసిందా?"

మామ వేలు కదిలింది. "ఔను" అంది పెట్టె.

"నేనేమన్నా పరాయోన్నా?"

ఈసారి వేలు అన్ని గళ్లనూ తడిమింది. తర్వాత అడ్డగీతల మీదికి వెళ్లింది. "కాదు."

ఆయన నవ్వి నా వైపు తిరిగాడు. "శానా బాగా చేసినావప్పా. గొంతు నీదేనా?"

"నాదే మామా."

"గొంతు నీది, మాట ఆయప్పది. రేపు యాడన్నా తేడా వస్తే ఎవుర్ని అడగల్లప్పా మేము?" హాస్యంగానే అన్నాడు. నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో తెలుసు, భయం వేసి.

లేచి గడప దగ్గర ఆగాడు. "పాప కాలేజీకి ఏ బస్సుకు పోతాంది వదినా?"

"ఏడున్నర బస్సుకు."

"సీటు దొరుకుతాదా?"

"ఒకోనాడు దొరకదు."

"నేను చెప్తాలే డ్రైవరుకు. జాగ్రత్తగా పోయి రానీ."

మర్నాడు గుడ్డ చెడింది. ఔను మీద వేలు పెట్టినా, కాదు మీద పెట్టినా, పెట్టె "ఔను, కాదు" అని రెండూ పలుకుతోంది. తక్కిన ఆరు మాటలు బాగానే ఉన్నాయి. కారణాలు రాసుకుని ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చాను. బ్యాటరీ. టంకం. చిప్పు. చెమట తడి. దారానికి పెట్టిన గంజి. మూడు రోజులు పట్టింది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ మూడు రోజులూ మామ వేలు గళ్లు వదిలి గుడ్డ కుడి అంచు మీదే ఒకచోట కొట్టుకుంటూ ఉంది. వణుకు ఎక్కువైందనుకుని అది కూడా నోటుపుస్తకంలో రాశాను. మూడో రోజు సాయంత్రం, వణుకు అయితే ఒకేచోట ఎందుకు ఉంటుందని తోచి, వేలి కింద ఉన్న చోటు తిప్పి చూశాను.

ఏడో గీత కొసనూ ఎనిమిదో గీత కొసనూ కలుపుతూ సన్నటి జరీ పోగు ఒకటి ఉంది. ముడి లేదు. తెగిన పోగును అతికేటప్పుడు నేతవాళ్లు ముడి వేయరు, తడివేళ్లతో మెలిపెట్టి నేతలోకి దూరుస్తారు. ఆ అతుకు కంటికి దొరకదు. నాకు మూడు రోజుల్లో దొరకనిది మామ వేలికి మొదటిరోజే తెలిసింది. ఆ వేలు నాకు దాన్నే చూపిస్తోంది.

అత్త పెరట్లో రాట్నం మీద పేక నూలు కండెలు చుడుతోంది.

"అత్తా, ఏడూ ఎనిమిదీ కలిసినాయి."

"కలిస్తే?"

"నీకు తెలుసు గదా."

ఆమె రాట్నం ఆపలేదు. "నీ మాదిరి చదువుకోలేదు గానీ, రెండు పోగులు కలిస్తే ఏమైతాదో గుంటలో కూచున్నదానికి తెలీదా నాయనా. ఆయప్ప నీళ్లంటే నీళ్లిస్తా. నొప్పంటే రాత్రంతా కాళ్లు పడతా. ఆ రెండు మాటలు మాకొద్దు. బిడ్డ ఏడున్నర బస్సుకు పోతాంది."

"మామనడిగినావా?"

"అడిగితే ఏమంటాడో తెలుసు. దానికే అడగలేదు." కండె నిండింది. దాన్ని తీసి పక్కన పెట్టి నా వైపు చూసింది. "తెంపుతానంటే తెంపుకో. నేనడ్డం రాను. గొంతు నీదే గదా."

బ్లేడుతో తెంపాల్సింది ఒక్క పోగు. బ్లేడు రెండు రోజులు నా చొక్కా జేబులోనే ఉంది. తెంపకపోవడానికి కారణాలు రాసుకున్నాను. ఒకటి, మామ కూతురు. రెండు, అత్త. మూడో అంకె వేసి దాని పక్కన ఏమీ రాయలేదు.

చెప్పిన రోజుకు అధికారి, వకీలు, రాసుకోవడానికి ఒక గుమాస్తా వచ్చారు. గుడ్డ పరిచాం. అధికారి మర్యాదగానే అడిగాడు.

"ఆ రోజు రోడ్డు పక్కన నిలబడిన మనిషి మీకు తెలిసినవాడేనా?"

మామ వేలు సూటిగా నిలువు గీతల మీదికి వెళ్లింది. "ఔను, కాదు" అంది పెట్టె.

గుమాస్తా కలం ఆపాడు. మళ్లీ అడిగారు. మళ్లీ అదే గడి, అదే జవాబు. మూడోసారి కూడా వేలు తప్పలేదు. నా గొంతు మాత్రం రెండు మాటలూ చెప్పింది. అప్పుడు మామ వేలు గడి వదిలి అంచు మీదికి పాకి, ఆ అతుకు మీద కొట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. వకీలు "పాపం, వణుకు" అన్నాడు.

అధికారి నన్ను అడిగాడు. "నువ్వే గదా చేసింది. బాగు చేయగలవా?"

అత్త తలుపు పక్కన ఉంది. మామ కూతురు అప్పుడే కాలేజీ నుంచి వచ్చి, సంచీ భుజానే ఉంచుకుని నిలబడింది. నేను వాళ్లిద్దరి వైపూ చూడలేదు. గుడ్డ వైపు చూస్తూ చెప్పాను.

"కుదరదు సార్. జరీ పాతది. ఇంతకన్నా పని చేయదు."

మామ చెవులకు ఏ లోటూ లేదని ముందే రాశాను. అంచు మీద వేలు ఆగిపోయింది.

సాక్షి చెప్పే స్థితిలో లేడని రాసుకుని, నా చేత కూడా సంతకం పెట్టించుకుని వాళ్లు వెళ్లారు. కేసు కొన్నాళ్లకు కొట్టేశారు. మామ కూతురు అదే బస్సుకు వెళ్లి డిగ్రీ పూర్తి చేసింది. రోజూ సీటు దొరికేది.

మామ ఆ తర్వాత తొమ్మిది నెలలు బతికాడు. గుడ్డ రోజూ పరిచేవాళ్లం. పెట్టె బ్యాటరీ నేను శనివారం శనివారం వచ్చి మార్చేవాణ్ని. అత్త ఆయన చెయ్యి తీసి నున్నటి గడి మీద పెడితే, ఆ చెయ్యి మెల్లగా గుడ్డ దిగి మంచం మీదికి పోయేది. నీళ్లు అని కూడా అడగలేదు. ఇక అత్తే గంటకోసారి చెంచాతో తాపేది. ఒక్కోసారి మింగేవాడు, ఒక్కోసారి నోటి పక్క నుంచి కారిపోయేది. దప్పిక ఎప్పుడు వేసిందో, ఎప్పుడు వేయలేదో మాకెవరికీ తెలిసేది కాదు.