పక్క దొడ్లో మొలిచేదాకా

టమాటా ఆకు నలిపితే వచ్చే వాసన ఎవరికైనా నచ్చుతుందని నేను చెప్పను. కాస్త వగరు, కాస్త చేదు, వేళ్లకు పచ్చగా పట్టుకుందంటే సబ్బుకు కూడా ఓ పట్టాన లొంగదు. ఈ ఉదయం నరసరావుపేటలోని మా ఇంటి దొడ్లో మొక్కల మధ్య చాలాసేపు వంగి పని చేసి వచ్చాను కాబట్టి, ఇది రాస్తున్న చేతికి ఇంకా ఆ వాసనే ఉంది. దొడ్డి అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఇంటి వెనక మంచం వాల్చుకుని నలుగురు కూర్చునేంత జాగా. అందులోనూ ఇప్పుడు సగానికి పైగా పోతోంది. మా అత్తగారు మేడ మెట్లు ఎక్కలేకపోతున్నారు, కింద ఆమెకొక గది కట్టాలి. గది లేస్తే మట్టి అనేది గోడ వారన ఒక్క వరసే మిగులుతుంది. ఇన్నాళ్లూ మూడు రకాల టమాటా పెంచాను. ఇక ఒకటే పెంచగలను. మేస్త్రీ సోమవారం నుంచి పని మొదలుపెడతానన్నాడు.

మా ఆయనకు ఇందులో ఆలోచించడానికి ఏముందో అర్థం కాలేదు. "కాసేది ఉంచు, కాయనిది పీకెయ్. దీనికి కూడా పంచాయితీ ఏందే?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే నేను మా నాయనమ్మ చేతి కింద పెరిగినదాన్ని. ఆమె లెక్కలో మొక్కను పెంచడం చిన్న పని, పెంచడం మానుకోవడం పెద్ద పని.

మాది వెల్దుర్తి దాపున మెట్ట ఊరు. మా వైపు దొడ్లకు ముళ్లకంచె ఉండేది కాదు, నాపరాళ్లను నిలువుగా పాతేవాళ్లు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ బండలు చెయ్యి పెట్టలేనంతగా కాలేవి, చలికాలం పొద్దున్నే వాటికి వీపు ఆనించుకుని పిల్లలమంతా సజ్జరొట్టె తినేవాళ్లం, రొట్టెలోకి ఆ దొడ్లోనే కోసి నిప్పుల మీద కాల్చి పచ్చిమిరపకాయ, ఉప్పు వేసి నలిపిన టమాటా ఉండేది. మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో ఊరంతా తుమ్ములు. తొలి ఏకాదశికి పేలపిండి బెల్లంతో దంచుతుంటే రోలు చుట్టూ మేం, మా చుట్టూ ఈగలు. చింతగింజలు అరగదీసి ఆడుకున్న అరుగు, ఏడుపెంకులాటలో బంతి పోయి పడితే తిట్లు తిని తెచ్చుకునే పక్కిళ్లు, అన్నీ ఆ బండల వరసల మధ్యే.

నాయనమ్మ గింజ దాచే పద్ధతి పిడక. మొదటి కాపులో బాగా పండిన కాయను చెట్టు మీదే మెత్తబడనిచ్చి, గింజల గుజ్జును బూడిదలో పొర్లించి, పేడలో కలిపి అరచేతంత పిడక చేసి దొడ్డి బండకు కొట్టేది. పొయ్యిలోకి కొట్టే పిడకలు పెద్దవి, అవి వేరే బండ మీద. గింజల పిడక ఎండి రాయిలా గట్టిపడి వానలు పడేదాకా అక్కడే ఉండేది. నారు పోసేనాడు దాన్ని నీళ్లలో నానబెట్టి మట్టిలో చిదిమేది. పురుగు పట్టేది కాదు, ఎలుక ముట్టేది కాదు.

ఆమె దొడ్లోనూ మూడు రకాలే. గోళీకాయను ఎవరూ పెంచక్కర్లేదు, పిట్టలు తిని ఎక్కడపడితే అక్కడ మొలిపించేవి. సంతకాయ గుండ్రంగా నున్నగా ఉండేది, దాని గింజ సంతలో కొన్న కాయలోంచి తీసింది. మూడోది చీలికకాయ. పైనుంచి కిందికి గాడులు పడి, చిన్న గుమ్మడికాయ ఆకారంలో ఉండేది. ఆలస్యంగా కాసేది, తక్కువ కాసేది, ముట్టుకుంటే పగిలేది, నీళ్లు మాత్రం గేదెలా తాగేది. కానీ దాని పులుపు ముందు చింతపండు దిగదుడుపే. నిల్వ పచ్చడి పెట్టాలంటే ఆ కాయే పడాలి. జాడీ మూత తీస్తే వీధిలో పోయే మనిషి ఆగేవాడు.

ఆ చీలికకాయ గింజ మా చిన్న నాయనమ్మది. అంటే మా నాయనమ్మకు తోడికోడలు. బెల్లంకొండ వైపు పుట్టింటి నుంచి కాపురానికి వస్తూ గింజ తెచ్చుకుని, పెద్దావిడకు కూడా ఓ పిడక ఇచ్చిందట. తర్వాత ఇల్లు పంచుకున్నారు. మధ్యలో నాపరాళ్లు లేచాయి. మా చూరు నీళ్లు వాళ్ల దొడ్లో పడుతున్నాయని మొదలైన గొడవ ముదిరి, ఇద్దరికీ మాటలు పోయాయి. చూరుకు రేకు అడ్డం పెట్టాక నీళ్లు పడటం ఆగింది, మాటలు మాత్రం మళ్లీ రాలేదు. నేను పుట్టేసరికే అది పాత సంగతి. మేం పిల్లలం రెండిళ్లలోనూ తిరిగేవాళ్లం, మమ్మల్ని ఎవరూ వద్దనలేదు. ఆ ఇద్దరూ మాత్రం బండకు చెరోవైపు ఒకే వేళకు గిన్నెలు తోముకుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు.

నాకు కాస్త ఊహ తెలిసిన ఏడాదే వానలు మొండికేశాయి. మాఘమాసం వచ్చేసరికి ఊరి బావిలో బురద తేలింది. ఊరవతల బోరు దగ్గర బిందెలు వరసగా పెట్టి ఆడవాళ్లు పొద్దంతా కూర్చునేవాళ్లు. బియ్యం కడిగిన నీళ్లు గేదెకు, మొహం కడిగిన నీళ్లు మొక్కకు. అవి మూడు రకాలకు చాలవు. చీలికకాయ చెట్లు పొద్దెక్కేసరికి తలలు వాల్చేసేవి. మా అమ్మ పీకేద్దామంది. నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఆ ఇంట్లో ఉందో లేదో చూడకుండా ఎట్టా పీకుతాం? ఇత్తనం మనదొక్కటే అయితే పీకే హక్కు మనకి లేదు" అంది. పక్క దొడ్లో మొలిచేదాకా మన దొడ్లోది తీయకూడదన్నది ఆమె పట్టుకున్న నియమం. వంగకైనా చిక్కుడుకైనా అంతే. మామూలుగా అయితే బండ మీదుగా ఒక మాట అడిగితే తేలిపోయేది. ఇక్కడ అడగడానికి నోరు లేదు. "పోయి చూసిరావే, అడగమాక" అని నన్ను పంపింది.

వెళ్లి చూస్తే అక్కడ సంతకాయ మొక్కలున్నాయి, కనకాంబరాలున్నాయి, చీలికకాయ లేదు. చిన్న నాయనమ్మ చేట చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఏందే అట్టా దేవులాడతన్నావు?"

చెప్పొద్దన్న మాటే నా నోట్లోంచి ముందు వచ్చింది. "మీ చీలికకాయ ఉందేమోనని చూస్తన్నా."

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. కొత్త కోడలు, అంటే మా పిన్ని, మాచర్లలో కిరసనాయిలు స్టవ్వు మీద వండి వచ్చిన పిల్ల. పిడకల్లో ఇన్ని రకాలుంటాయని ఆమెకెవరూ చెప్పలేదు. పొయ్యి అంటుకోని ఓ పొద్దున, బండ మీద బాగా ఎండి కనిపించిన చిన్న పిడకను తెచ్చి పాల కింద పెట్టింది. "పాలు పొంగినాయి, నా పుట్టింటి ఇత్తనం బూడిదైంది. రెండేళ్లయింది. ఆ దొడ్లో కాయలు కనపడతానే ఉన్నయ్. నోరు తెరిచి అడిగితే నా తల తెగుద్దా? అడగలేకపోయినా" అంది. చేటలో ఏమీ లేకపోయినా చెరుగుతూనే ఉంది.

నేను వచ్చి అంతా చెప్పాను. ఆ రోజు నుంచి నాయనమ్మ స్నానం చీలికకాయ పాదులోనే. పీట తెచ్చి చెట్ల పక్కన వేసుకుని, తెల్లవారకముందే, చీరకొంగు చుట్టుకుని, ఒంటి మీద పోసుకున్న ప్రతి చెంబూ పాదులోకి పారేట్టు కూర్చునేది. సంతకాయను ఎండిపోనిచ్చింది. మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. చివరికి బతికిన చెట్టుకు కాయలు పండాయి. నాయనమ్మ వాటిల్లో ఒక్కటి కూడా మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. అన్నిటినీ గింజకే వదిలి, బూడిద, పేడ కలిపి ఒక పిడక మా వైపు కొట్టింది. రెండో పిడక పట్టుకుని కొయ్యపీట ఎక్కి, బండ మీదుగా చెయ్యి చాచి, అవతలి వైపు కొట్టింది. పీట దిగి చేతులు కడుక్కుని ఏమీ ఎరగనట్టు పప్పు ఎసట్లో వేసింది.

మర్నాడు నేను తొంగి చూస్తే ఆ పిడకకు పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఇక ఏ కోడలూ దాన్ని పొయ్యిలో పెట్టదు. వానలు పడ్డాక ఆ దొడ్లో చీలికకాయ మొలిచింది. నారు జానెడైందని నేను చెప్పాకే, ఇక రెండు దొడ్లలో దానికి నీళ్లు పోయక్కర్లేదని, నాయనమ్మ మా వైపు పిడక తీసి, చిదిమి, గంపతో ఎరువుదిబ్బలో పారేసింది. అప్పుడు ఆమె ఏడ్చిందని ఇవాళ అనిపిస్తుంది. అప్పుడు కంట్లో బూడిద పడిందని అన్నది, నమ్మాను. ఆ తర్వాత ప్రతి చలికాలం అవతలి నుంచి మొదటి కాయలు ఒక గిన్నెలో బండ మీదికి వచ్చేవి. గిన్నె పచ్చడితో తిరిగి వెళ్లేది. మాటలు మాత్రం కలవలేదు. నాయనమ్మ పోయిన రోజు చిన్న నాయనమ్మ వచ్చి తల దగ్గర కూర్చుంది, శవాన్ని లేపేదాకా మెల్లగా మాట్లాడుతూనే ఉంది. అంత మాట్లాడాల్సింది ఉంచుకుని అన్నేళ్లు ఎలా ఊరుకున్నారో తలుచుకుంటే నాకిప్పటికీ కోపమొస్తుంది.

నా పెళ్లికి చిన్న నాయనమ్మ చీర పెట్టలేదు, గుడ్డముక్కలో చీలికకాయ గింజలు కట్టి ఇచ్చింది. అవే ఇప్పుడు నా దొడ్లో ఉన్నవి. వాటితో పాటు ఎక్కడినుంచో వచ్చిన గోళీకాయ, ఏటా ప్యాకెట్టు కొని వేసే కంపెనీకాయ. మా ఇంట్లో అందరి ఓటూ కంపెనీకాయకే. గుత్తులు గుత్తులుగా కాస్తుంది, పగలదు, ఫ్రిజ్‌లో పెడితే వారమైనా చెక్కు చెదరదు. అత్తగారికి పులుపు పడదు కూడా.

గది సంగతి తేలగానే, పోయిన నెలలో, గింజలు పట్టుకుని మా వీధిలో తిరిగాను. ఎదురింటి వాళ్లు వాకిలంతా టైల్స్ వేయించారు. పక్కింటి అమ్మాయి గింజలు మర్యాదగా తీసుకుని, "నర్సరీలో నారే దొరుకుతుంది కదా ఆంటీ" అంది. అవి ఆమె టీవీ పక్క గిన్నెలో రబ్బరు బ్యాండ్లతో పాటు పడి ఉండటం తర్వాత నేనే చూశాను. ఆఖరికి ఊరికి ఫోన్ చేశాను. చిన్న నాయనమ్మ లేదు, పిన్ని ఉంది. ఆమెకిప్పుడు మోకాళ్ల నొప్పులు, కంట్లో శుక్లాలు. దొడ్డి మొత్తం కాంక్రీటు పోయించారట, బండలు పీకి ఎవరో పట్టుకుపోయారట. చీలికకాయ అనగానే పిన్ని నన్ను మాట పూర్తి చెయ్యనివ్వలేదు.

"ఆ కాయ గురించి మా అత్త చచ్చిందాకా నన్ను దెప్పింది. పంపు పిల్లా, పెయింటు డబ్బాలో పెడతా" అంది.

మాచర్ల బస్సులో తెలిసినవాళ్లతో పంపాను. మొన్న ఆమే ఫోన్ చేసింది. గొంతులో నేరం చేసిన బెదురు. "ఈసారి పొయ్యిలో పెట్టలేదమ్మా. నీళ్లు కూడా చూసుకునే పోశా. మొలవలేదు." ఎండ తగలని వరండా అయి ఉంటుందని, ఆమె తప్పేమీ లేదని చెప్పాను. ఆమె నమ్మలేదు.

ఈ ఉదయం పని ముగించాను. గోళీకాయను తీసేయడానికి పెద్దగా బాధపడలేదు, పిట్టలున్నంతకాలం దానికి నా అవసరం లేదు. కంపెనీకాయ చెట్లను కాయలతోనే పీకాను. మా ఆయన వచ్చి ఆ కుప్ప చూసి, గోడ వారన మిగిలిన చీలికకాయ చెట్లను చూసి, "కాయనిదాన్నా ఉంచావు?" అన్నాడు. ఇది ఇంకెక్కడా లేదండీ అన్నాను. ఆయన రాలిన కాయలు ఏరి అత్తగారి చారుకని లోపలికి తీసుకెళ్లాడు.

నాయనమ్మకు పగవాళ్లదైనా పక్కన ఒక దొడ్డి ఉండేది. దాంట్లో మొలిచాక ఆమె తన చేత్తో తన మొక్కను వదులుకోగలిగింది. మా వీధిలో అందరం మంచిగానే ఉంటాం, పండగకు పలకరించుకుంటాం, ఎవరి దగ్గరా పిడికెడు మట్టి లేదు. నాకు మోకాళ్లు వంగినన్నాళ్లు ఈ వరసకు నీళ్లు పోస్తాను. వంగని రోజు వస్తే దీన్ని ఎవరి చేతిలో పెట్టాలో నాకు తెలియదు.